ముందు కాగితం, తరవాతే తుపాకి

థాంప్సన్ సబ్‌మెషిన్ గన్‌ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లు దాని బరువుకి ఆశ్చర్యపోతారు. తూటాలు పెట్టకముందే దాదాపు అయిదు కిలోలు తూగుతుంది. సినిమాలో ఆటబొమ్మలా కనిపించిన వస్తువు చేతికి వచ్చేసరికి వాల్‌నట్ కర్ర, ఉక్కు దిమ్మని చెక్కి తీసిన శరీరం, నీలి మెరుగు, నూనె వాసన. కోల్ట్ కంపెనీ 1921, 1922 సంవత్సరాల్లో హార్ట్‌ఫర్డ్‌లో వీటిని 15,000 తయారుచేసింది. అప్పట్లో కొనేవాళ్లు లేక చాలా తుపాకులు ఏళ్ల తరబడి గోదాముల్లోనే ఉండిపోయాయి. వాటిలో ఒకటి ఇప్పుడు మీ ఎదురుగా బల్ల మీద ఉంది, అమ్మేవాడు ‘పొద్దున ఇంకొకరు కూడా అడిగి వెళ్లారు’ అంటున్నాడు. చేయి చెక్కుబుక్కు మీదకి పోతుంది. ఈ అధ్యాయం ఆ క్షణం రాకముందే చదవాల్సినది.

ఇది అమెరికాలో స్థిరపడిన పాఠకుల కోసం రాస్తున్నాను. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ఆటోమేటిక్ తుపాకులను నిషిద్ధ ఆయుధాల్లో చేర్చింది. సరదా కొద్దీ సేకరించే మామూలు పౌరుడికి అక్కడ దారి లేదు. అమెరికాలో కొన్నదాన్ని ఎప్పుడో హైదరాబాద్‌కి తీసుకెళ్లి హాల్లో అద్దాల పెట్టెలో పెట్టుకుందామనే ఆలోచన ఉంటే ఇప్పుడే వదిలేయండి. అమెరికాలో మాత్రం పాత సబ్‌మెషిన్ గన్లను చట్టబద్ధంగా కొని దాచుకోవడం దశాబ్దాలుగా నడుస్తున్న సేకరణ. ఖరీదైనది, నిదానమైనది, పొరపాటును క్షమించనిది.

మీరు కొనొచ్చా?

ఏ తుపాకి కొనాలనే ప్రశ్న కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. మన తెలుగువాళ్లలో చాలామంది విషయంలో జవాబు ‘ఇప్పుడు కాదు’ అని వస్తుంది.

హెచ్‌1బీ, ఎల్1, ఎఫ్1 లాంటి వలసేతర వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి ఒక మినహాయింపు ఉంది కానీ, దాన్ని ఆధారం చేసుకుని మెషిన్ గన్ కొనాలని చూడటం నా దృష్టిలో తెలివితక్కువ పని. ఈ నిబంధనను ఉల్లంఘిస్తే 15 ఏళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు, ఆ కేసుతో ఇమిగ్రేషన్ కూడా ముగిసిపోతుంది. షూటింగ్ రేంజిలో అద్దె తుపాకి పట్టుకోవడం కూడా ‘దగ్గర ఉంచుకోవడం’ కిందికే వస్తుంది. వారాంతంలో స్నేహితులతో రేంజికి వెళ్లి, తుపాకితో ఫొటో దిగి, దాన్ని నలుగురికీ పంచే విద్యార్థులు తమ మీద తామే సాక్ష్యం తయారుచేసుకుంటున్నారు. ఈ మాట మీ ఇంట్లో చదువుకుంటున్న తమ్ముడికో మేనకోడలికో తప్పకుండా చెప్పండి.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి, పౌరులకి ఫెడరల్ చట్టం అడ్డు రాదు. నేర చరిత్ర వంటి ఇతర అనర్హతలు లేకపోతే చాలు. తరవాతి గడప రాష్ట్రం. మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో మామూలు పౌరుడు మెషిన్ గన్ ఉంచుకోవడం దాదాపు అసాధ్యం. టెక్సస్, జార్జియా లాంటి చోట్ల ఫెడరల్ రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉంటే ఉంచుకోవచ్చు. వర్జీనియాలో రాష్ట్ర పోలీసుల దగ్గర విడిగా నమోదు చేయించాలి. ఉద్యోగం మారి డాలస్ నుంచి శాన్‌హోసేకి వెళ్లే అవకాశం ఉన్నవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. ఇల్లు మారినంత సులువుగా ఈ వస్తువు మారదు. రాష్ట్రం దాటించాలంటే ముందుగా తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ నుంచి అనుమతి పత్రం తెచ్చుకోవాలి, వెళ్లే రాష్ట్రం ఒప్పుకోకపోతే ఆ అనుమతి రాదు.

ఇంత ధర ఎందుకు?

1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఒక గ్యారేజీ గోడ ముందు ఏడుగురిని నిలబెట్టి కాల్చి చంపారు. హంతకులు వాడిన వాటిలో థాంప్సన్లు ఉన్నాయి. ఇలాంటి ముఠా హత్యల వేడి మీద 1934లో జాతీయ తుపాకుల చట్టం వచ్చింది. మెషిన్ గన్ చేతులు మారితే 200 డాలర్ల పన్ను కట్టాలి, పేరు నమోదు చేయించుకోవాలి. అప్పట్లో కొత్త థాంప్సన్ ధర కూడా ఇంచుమించు అంతే. కొనకుండా ఆపడమే ఆ పన్ను ఉద్దేశం. విచిత్రం ఏమిటంటే ఇన్నేళ్లయినా ఆ అంకె మారలేదు. 2026 జనవరి నుంచి సైలెన్సర్ల మీద పన్ను సున్నా అయింది కానీ, మెషిన్ గన్ మీద 200 డాలర్లు అలాగే ఉంది.

1968 చట్టం విదేశాల నుంచి వచ్చే మెషిన్ గన్లను మామూలు పౌరులకి అమ్మడం ఆపేసింది. ఆ ఏడాది నవంబర్ 2 నుంచి డిసెంబర్ 1 దాకా, రిజిస్టర్ కాని ఆయుధాలు ఉన్నవాళ్లు శిక్ష భయం లేకుండా నమోదు చేసుకునేందుకు క్షమాభిక్ష గడువు ఇచ్చారు. రెండో ప్రపంచయుద్ధం నుంచి సైనికులు సంచుల్లో పెట్టుకొచ్చిన జర్మన్ ఎంపీ40లు, బ్రిటిష్ స్టెన్లు ఎన్నో ఆ నెలలో వెలుగులోకి వచ్చాయి. అలాంటి గడువు మళ్లీ రాలేదు.

చివరి తలుపు 1986 మే 19న మూసుకుంది. న్యూజెర్సీ ప్రతినిధి విలియం హ్యూస్ పెట్టిన సవరణ ప్రకారం, ఆ రోజుకి చట్టబద్ధంగా నమోదైన మెషిన్ గన్లే పౌరుల మధ్య చేతులు మారాలి. కొత్తది ఒక్కటీ ఆ లెక్కలో చేరదు. దేశం మొత్తం మీద అలాంటివి రెండు లక్షల లోపే. కొన్ని అగ్నిప్రమాదాల్లో పోతాయి, కొన్ని పోలీసులకి అప్పగిస్తారు, కొన్ని పగిలిపోతాయి. సంఖ్య తగ్గుతుందే తప్ప పెరగదు, కొనాలనుకునేవాళ్లు మాత్రం పెరుగుతున్నారు. యుద్ధకాలంలో ఇరవై డాలర్లకి అటూ ఇటూ తయారైన ఎం3 ‘గ్రీజ్ గన్’ ఇవాళ కొత్త కారు ధర పలకడానికి కారణం అందులోని లోహమూ కాదు, పనితనమూ కాదు. ఇండియానాలో మోటారు హెడ్‌లైట్లు చేసే జనరల్ మోటార్స్ కర్మాగారంలో రేకులు వంచి అతికిన వస్తువది. ఆ ధర రిజిస్ట్రీలో దానికున్న చోటుది.

అందుకే ఇంకో మాట. ధర చట్టం కట్టిన ఆనకట్ట మీద నిలబడి ఉంది. రేపు ఆ సవరణను కోర్టు కొట్టేసినా, కాంగ్రెస్ మార్చినా ధరలు కుప్పకూలుతాయి. గత ముప్పై ఏళ్ల పెరుగుదల చూపించి ‘పెట్టుబడి’ అని అమ్మేవాళ్ల మాట నమ్మి ఇంటి మీద అప్పు తెచ్చి కొనకండి. ఆ డబ్బు పోయినా సంసారం కదలకుండా ఉంటేనే ఈ వైపు రండి.

లింకు డాక్యుమెంట్లు

ఊళ్లో స్థలం కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? స్థలం ఎంత బాగున్నా ముందు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, ఈసీ తీయిస్తాం, సర్వే నంబరు సరిచూస్తాం. రిజిస్టరైన మెషిన్ గన్ విషయంలోనూ పద్ధతి అదే. తుపాకిని చూసే ముందు దాని ఫారం చూడండి.

అమ్మేవాడి దగ్గర ఏటీఎఫ్ ఆమోదించిన ఫారం ఉండాలి. వ్యక్తి కొన్నదైతే సాధారణంగా ఫారం 4, వారసత్వంగా వచ్చినదైతే ఫారం 5, డీలర్ల మధ్య నడిచినదైతే ఫారం 3. దాని మీది తయారీదారు పేరు, మోడల్, కాలిబర్, గొట్టం పొడవు, సీరియల్ నంబరు తుపాకి మీద ఉన్నవాటితో ఒక్కో అక్షరం పోల్చి చూడండి. పాత టైప్‌రైటర్ మీద కొట్టిన కాగితాల్లో మూడు ఎనిమిదిగా మారడం, ‘ఎస్’ అక్షరం ఎగిరిపోవడం కొత్త విషయం కాదు. తప్పు కనిపిస్తే దాన్ని దిద్దించే బాధ్యత అమ్మేవాడిది, మీరు డబ్బు ఇవ్వకముందే అది జరగాలి. ‘చిన్న తప్పే, మీ పేరు మీదకి వచ్చాక సరిచేయించుకోవచ్చు’ అంటే లేచి వచ్చేయండి.

మొదటిసారి కొనేవాళ్లను ముంచే గోతులు కొన్ని ఉన్నాయి. ప్రకటనలో ధర చాలా తక్కువగా ఉండి, చివర ‘డీలర్ శాంపిల్’ అని ఉంటుంది. లైసెన్సు డీలర్ల మధ్య మాత్రమే తిరిగే సరుకు అది, మీ పేరు మీదకి ఎప్పటికీ రాదు. రెండోది, పాత షెరీఫ్ కార్యాలయం వదిలించుకుంటున్న థాంప్సన్. కథ వినడానికి ఎంతో బాగుంటుంది, కానీ అది ఫారం 10 మీద నమోదై ఉంటే ప్రభుత్వ సంస్థల వాడకానికే పరిమితం. మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. తాతగారు యుద్ధం నుంచి తెచ్చారు, గొట్టంలో వెల్డింగ్ చేసి పనికిరాకుండా చేశారు, అటక మీద దొరికింది అంటూ పొరుగాయన చూపించే తుపాకి. వీటిని డీవాట్ అంటారు. 1968 తరవాత వీటికీ రిజిస్ట్రేషన్ కావాలి. కాగితం లేకపోతే అది నిషిద్ధ వస్తువు, ఇవాళ దాన్ని నమోదు చేయించే దారి లేదు. కారులో పెట్టుకుని వెళ్లి ఎవరికైనా చూపిద్దామనుకోవద్దు, ముట్టుకోనే వద్దు. లాయర్ ద్వారా అధికారులకి అప్పగించమని ఆ పొరుగాయనకి చెప్పండి. వాళ్ల ఇంట్లో కాగితాల పెట్టెలు ఉంటే ముందు అవి వెతకమనండి. పాత రిజిస్ట్రేషన్ కాగితం అందులో దొరికితే కథంతా మారిపోతుంది.

అమ్మేవాడు మీ రాష్ట్రంలోనే ఉంటే ఒక్క ఫారం 4, ఒక్క 200 డాలర్లు. వేరే రాష్ట్రంలో ఉన్న ప్రైవేటు వ్యక్తి అయితే తుపాకి ముందు మీ రాష్ట్రంలోని డీలర్‌కి, అక్కడి నుంచి మీకు రావాలి. పన్ను రెండుసార్లు పడుతుంది. ఏటీఎఫ్ ఇచ్చే క్యూరియో, రెలిక్ లైసెన్సు మీకు ఉంటే, ఆ వర్గంలోకి వచ్చే పాత తుపాకిని వేరే రాష్ట్రం నుంచి కూడా నేరుగా తెచ్చుకోవచ్చు. ఆ లైసెన్సు మూడేళ్లకి 30 డాలర్లు. పాతవాటినే సేకరించాలనుకునేవాళ్లు ముందు దీనికే దరఖాస్తు చేసుకోవడం మంచిది.

అసలుది, ట్యూబ్‌ది

సీరియల్ నంబరు ఉండే రిసీవర్‌నే చట్టం తుపాకిగా లెక్కిస్తుంది. గొట్టం, బోల్టు, కర్ర, మ్యాగజైన్ అన్నీ మార్చుకోవచ్చు. రిసీవర్ పోతే తుపాకి పోయినట్టే. ఈ ఒక్క సంగతి బుర్రలో ఉంటే ధరల తేడాలన్నీ అర్థమవుతాయి.

1986కి ముందు అమెరికాలోని చిన్న చిన్న లైసెన్సు తయారీదారులు రిసీవర్‌గా పనిచేసే కొత్త ట్యూబులను రిజిస్టర్ చేసి, వాటిలో పాత స్టెన్, ఎంపీ40 విడిభాగాలు బిగించి అమ్మారు. వీటినే ట్యూబ్ గన్లంటారు. పూర్తిగా చట్టబద్ధమైనవి, కాల్చుకోవడానికి బాగా పనికొస్తాయి, ధర తక్కువ. కానీ 1943లో స్టయర్ కర్మాగారం నుంచి బయటికొచ్చిన ఎంపీ40 వేరు, పాత భాగాలతో 1983లో ఎవరి షెడ్డులోనో బిగించినది వేరు. ఫారంలో తయారీదారు గడి చూడండి. అక్కడ ఎర్మా, హేనెల్, స్టయర్ బదులు ఏదో అమెరికన్ వర్క్‌షాపు పేరుంటే అది ట్యూబ్ గన్. అసలు జర్మన్ తుపాకి మీద ఎర్మాకి ‘ఏవైఎఫ్’, హేనెల్‌కి ‘ఎఫ్ఎక్స్ఓ’, స్టయర్‌కి ‘బీఎన్‌జడ్’ అనే సంకేతాలు, తయారైన సంవత్సరం, సైనిక తనిఖీ ముద్రలు ఉంటాయి. రిసీవర్ మీదా, బోల్టు మీదా, ఇతర భాగాల మీదా ఒకే సీరియల్ నంబరు ఉంటే విలువ బాగా పెరుగుతుంది. దాన్ని ‘ష్మైసర్’ అని పిలిచే అలవాటు మాత్రం తప్పు. హ్యూగో ష్మైసర్ దాన్ని రూపొందించలేదు, అది ఎర్మాలో హైన్రిచ్ ఫోల్మర్ పని మీద నిలబడినది. అమ్మేవాడు ఆ పేరుతో పిలిచినంత మాత్రాన అతన్ని అనుమానించనక్కర్లేదు కానీ, మిగతా వివరాలు మాత్రం మీరే చూసుకోండి.

థాంప్సన్లలోనూ తరాలున్నాయి. హార్ట్‌ఫర్డ్‌లో కోల్ట్ చేసినవి అన్నిటికంటే పైన. 1921 అంకెలో చివరి 1 మీద 8 కొట్టి ‘1928 నేవీ మోడల్’గా మార్చినవి వాటిలోనే ఒక ప్రత్యేక శాఖ, వాటిని ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. యుద్ధం వచ్చాక యుటికాలో సావేజ్ కంపెనీ, బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆటో ఆర్డ్‌నెన్స్ లక్షల్లో తయారుచేశాయి. 1942లో వచ్చిన ఎం1, దాని తరవాతి ఎం1ఏ1 చౌకగా, వేగంగా చేయడానికి కుదించినవి. గుండ్రటి డ్రమ్ మ్యాగజైన్ వాటికి పట్టదు. సినిమాలో చూసిన డ్రమ్ మీద మనసుపడి ఎం1ఏ1 కొన్నవాళ్లు తరవాత నొచ్చుకుంటారు. 1975 నుంచి 1986 దాకా న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ హర్లీలో తయారైనవి కూడా మార్కెట్లో ఉన్నాయి. ధర తక్కువ, నాణ్యత తుపాకి తుపాకికీ మారుతుంది. కాల్చి చూడకుండా వాటిని కొనొద్దని నా గట్టి సలహా.

మొదటిది ఏది?

ఈ ప్రశ్నకి జవాబు మార్కెట్లో లేదు, మీలో ఉంది. చరిత్ర కోసమా, రేంజిలో కాల్చే ఆనందం కోసమా, రెండూనా? గన్ షోకి వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోండి. మచ్చలేని కోల్ట్ 1921ని వారం వారం కాల్చాలనుకునేవాడు దాని విలువను తన చేతులతోనే తగ్గించుకుంటాడు. వారం వారం కాల్చాలనుకుంటూ అద్దాల పెట్టెలో ఉండాల్సినది కొన్నవాడికి దాన్ని బయటికి తీయడానికి చేతులు రావు.

కాల్చడమే ప్రధానమైతే స్టెన్ ట్యూబ్ గన్ మంచి మొదలు. 1941లో, డన్‌కిర్క్ తరవాత ఆయుధాలు లేక అల్లాడుతున్న బ్రిటన్ గ్యాస్ పైపులా కనిపించే ఈ తుపాకిని కనీస ఖర్చుతో లక్షల సంఖ్యలో చేయించింది. షెపర్డ్, టర్పిన్ అనే ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలకి ఎన్‌ఫీల్డ్‌ను కలిపి దాని పేరు పెట్టారు. తెలుగు పత్రికలు చదివి పెరిగినవాళ్లకి ‘స్టెన్‌గన్’ అనే మాట కొత్త కాదు, మన పోలీసుల గురించిన వార్తల్లో ఏళ్ల తరబడి కనిపించింది. తరవాత కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారై మన పోలీసుల భుజాలకి వేలాడిన కార్బైన్ స్టెర్లింగ్ వంశానిది. ఆ అభిమానంతో స్టెర్లింగ్ వెతికే తెలుగువారు దొరికినది అసలుదా, ట్యూబ్‌దా అన్నది ముందే తేల్చుకోవాలి.

చరిత్రా కావాలి, డబ్బు మరీ లేదు అనుకుంటే నేను రైజింగ్ మోడల్ 50 వైపు చూడమంటాను. మసాచుసెట్స్‌లోని హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ తయారుచేసింది. యుద్ధంలో గ్వాడల్‌కెనాల్ దీవి తేమలో, ఇసుకలో మొరాయించి మెరైన్ల చేత తిట్లు తిన్నది. అదే తుపాకి అమెరికాలోని కర్మాగారాల కాపలాదార్ల దగ్గరా, పోలీసుల దగ్గరా బుద్ధిగా పనిచేసింది. శుభ్రంగా ఉంచితే రేంజిలో హాయిగా ఉంటుంది. థాంప్సన్ ధరలో సగం కూడా కాదు. ఒక్క ఇబ్బంది ఉంది. భాగాలను చేత్తో ఆకురాయి పట్టి కూర్చారు కాబట్టి ఒకదాని బోల్టు ఇంకోదానికి సరిగ్గా పట్టకపోవచ్చు. కొనేటప్పుడే దాని భాగాలు దానివేనా అని చూడాలి.

మ్యాక్10, దాని తమ్ముళ్లు ధరలో అందరికంటే కింద ఉంటాయి. జార్జియాలోని పౌడర్ స్ప్రింగ్స్‌లో తయారైన, ఇంగ్రమ్ అనే ఆయన డిజైన్ అది. నిమిషానికి వెయ్యికి పైగా తూటాల వేగం, కళ్లు మూసి తెరిచేలోగా మ్యాగజైన్ ఖాళీ. చౌక అని చాలామంది దీంతో మొదలుపెడతారు. పాత తుపాకుల మీద ప్రేమతో వచ్చినవాళ్లకి అది తృప్తినివ్వదని నా అభిప్రాయం. అంతకంటే ఇంకో రెండేళ్లు ఆగి డబ్బు కూడబెట్టుకోవడం మేలు.

ఆగే ఆ కాలం వృథా కాదు. వయోమింగ్‌లోని కోడీ తుపాకుల మ్యూజియం, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ చూడండి. అసలు ముద్ర, అసలు రంగు ఎలా ఉంటాయో కంటికి అలవాటు కావాలి. చట్టం మీకు అనుమతి ఇస్తే లాస్ వేగాస్ రేంజిల్లో థాంప్సన్, ఎంపీ40, స్టెన్ అద్దెకి తీసుకుని కాల్చి చూడండి. చాలామంది మనసులో ఉన్న తుపాకి అక్కడ మారిపోతుంది. థాంప్సన్ కోసమే అయితే ట్రేసీ హిల్ రాసిన ‘థాంప్సన్: ది అమెరికన్ లెజెండ్’, ఫ్రాంక్ ఇయానమికో రాసిన ‘అమెరికన్ థండర్’ పుస్తకాల మీద పెట్టే డబ్బు, తప్పుడు కొనుగోలులో పోయేదానితో పోలిస్తే లెక్కలోకి రాదు.

బల్ల ముందు

ఇక తుపాకి చేతికి వచ్చింది. మ్యాగజైన్ తీసి, తూటా కూర్చునే గది (ఛాంబర్) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాకే మిగతాది. చాలా పాత సబ్‌మెషిన్ గన్లు ఓపెన్ బోల్ట్ పద్ధతిలో పనిచేస్తాయి, అంటే బోల్టు వెనక్కి లాగి నిలబెట్టి ఉన్నప్పుడే కాల్పుకి సిద్ధంగా ఉంటుంది. ముందుకు పడితే పేలుతుంది. తూటాలున్న స్టెన్ కింద పడితే దానంతటదే పేలొచ్చు. యుద్ధంలో అలా ప్రాణాలు పోయాయి. పిస్టల్ అలవాటుతో వీటిని పట్టుకోవద్దు.

తరవాత అంచులు చూడండి. అసలు మెరుగుతో ఉన్న తుపాకి అంచులు పదునుగా, చెక్కిన అక్షరాలు లోతుగా ఉంటాయి. ఎవరో సానపట్టి మళ్లీ నీలి మెరుగు వేయిస్తే అంచులు గుండ్రబడతాయి, అక్షరాలు కరిగినట్టు కనిపిస్తాయి. ‘కొత్తదానిలా మెరుస్తోంది’ అని అమ్మేవాడు గొప్పగా చెబితే అది విలువ పెంచే మాట కాదు, తగ్గించే మాట. పాత మెరుగు అరిగిపోయి గోధుమరంగు పట్టినా దాన్నే కోరుకోవాలి. థాంప్సన్ అయితే రిసీవర్ మీది నంబరూ, కింది ట్రిగ్గర్ ఫ్రేమ్ మీది నంబరూ కలుస్తున్నాయా చూడండి. గొట్టం లోపల దీపం వేసి చూస్తే చీకటి వలయం కనిపించిందంటే ఎప్పుడో తూటా ఇరుక్కుని గొట్టం ఉబ్బిందని అర్థం. గొట్టం మార్చుకోవచ్చు, ధర తగ్గించమని అడగొచ్చు. రిసీవర్‌లో వెల్డింగ్ గీత, పగులు, కొత్త రంధ్రం కనిపిస్తే మాత్రం ధర గురించి మాట్లాడే పనే లేదు. ఈ రకం తుపాకులు తెలిసిన లైసెన్సు గన్‌స్మిత్ చూసి చెప్పేదాకా ఆగండి. నమ్మకమైన అమ్మకందారు అలాంటి తనిఖీకి ఎప్పుడూ అభ్యంతరం చెప్పడు.

వేలంలో కొంటున్నారా? పాట ధర మీద కొనుగోలుదారు రుసుము అదనంగా ఉంటుంది. దాన్ని కలుపుకునే మీ హద్దు ముందే నిర్ణయించుకోండి. సుత్తి పడ్డాక బేరం లేదు.

డబ్బు ఇచ్చాక

ఫారం 4 తో పాటు వేలిముద్రల కార్డులు, ఫొటో పంపాలి. మీ ప్రాంతపు పోలీసు అధికారికి ఒక ప్రతి పంపాలి. 2016 జులై దాకా ఆ అధికారి సంతకం తప్పనిసరి, ఇప్పుడు తెలియజేస్తే చాలు. ఆమోదం వచ్చేదాకా తుపాకి అమ్మినవాడి దగ్గరే ఉంటుంది, మీ డబ్బు కూడా అతని దగ్గరే ఉంటుంది. అందుకే ఒప్పందం కాగితం మీద ఉండాలి. దరఖాస్తు తిరస్కరిస్తే ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగిస్తారు, ఈలోగా దుకాణం మూతపడితే, యజమాని చనిపోతే ఏమిటి, తుపాకితో పాటు ఏ మ్యాగజైన్లు, ఏ డ్రమ్, ఏ విడిభాగాలు వస్తాయి అన్నవన్నీ అందులో రాయించుకోండి. మంచి డీలర్ ఇలాంటి కాగితాన్ని మీరు అడగకముందే తీస్తాడు.

మీ సొంత పేరు మీద కొనాలా, ట్రస్టు పేరు మీదా? పెళ్లయినవాళ్లు ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. తుపాకి మీ ఒక్కరి పేరు మీద ఉంటే, మీరు ఊళ్లో లేనప్పుడు దాన్ని తీయగలిగే వీలు ఇంట్లో ఎవరికీ ఉండకూడదు. భార్యకి సేఫ్ కోడ్ తెలిస్తే ఆమె కూడా దాన్ని దగ్గర ఉంచుకున్నట్టే అని వాదించే అవకాశం ఉంది. ట్రస్టులో ఇద్దరూ బాధ్యులైతే ఈ చిక్కు పోతుంది, కానీ అప్పుడు ఇద్దరి వేలిముద్రలూ ఇద్దరి అర్హతలూ చూస్తారు. ఆమె ఇంకా హెచ్4 మీద ఉంటే ట్రస్టులో పేరు పెట్టే మాటే లేదు, కోడ్ చెప్పే మాట అసలే లేదు. వేసవిలో వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నల విషయంలోనూ అంతే. నాన్నగారికి చూపించాలనే కోరిక ఎంత ఉన్నా, విజిటర్ వీసా మీద ఉన్న ఆయన చేతికి ఇవ్వకండి. ఇల్లు ఊడ్చేటప్పుడు తాళాలు తీసిపెట్టే అలవాటున్న ఇళ్లలో సేఫ్ తాళం ఆ గుత్తిలో ఉండకూడదు.

నిల్వ గురించి పెద్ద రహస్యాలేం లేవు. సేఫ్‌ను నేలకి బిగించండి, లోపల తేమ పీల్చే సిలికా జెల్ పెట్టండి. స్పాంజి లోపలున్న పెట్టెల్లో నెలల తరబడి ఉంచితే ఆ స్పాంజి తేమ పట్టి ఉక్కు తుప్పు పడుతుంది. తోలు పట్టీని లోహానికి ఆనించి ఉంచొద్దు. చెమట చేత్తో పట్టుకున్నాక నూనెగుడ్డతో తుడవకుండా లోపల పెట్టొద్దు. యుద్ధకాలపు తూటాల్లో చాలావాటి ప్రైమర్ లోహాన్ని తినేస్తుంది కాబట్టి వాటిని చూడటానికే ఉంచుకోండి, కాల్చడానికి కొత్తవి వాడండి. మొదటిసారి రేంజిలో మ్యాగజైన్ నిండా పెట్టకండి. ఒకటి, తరవాత రెండు, అన్నీ సరిగ్గా నడుస్తున్నాయనుకున్నాక ఎక్కువ. స్ప్రింగులు, ఎక్స్‌ట్రాక్టరు, మ్యాగజైన్లు లాంటి విడిభాగాలు దొరికినప్పుడే కొని పెట్టుకోండి. ఇంట్లో డ్రిల్లు పట్టుకుని దేన్నీ సవరించకండి. స్నేహితుడికి అరువివ్వడం కూడా కుదరదు, అతను కాల్చాలంటే మీరు పక్కనే ఉండాలి. ఇంటి బీమా ఈ ధరకి చాలదు, సేకరణ వస్తువులకి విడిగా బీమా తీసుకోండి.

ఆఖరున, మన ఇళ్లలో ఎవరూ ఎత్తని విషయం. మీరు పోయాక ఈ తుపాకి ఏమవుతుంది? చట్టబద్ధమైన వారసుడికి ఫారం 5 మీద పన్ను లేకుండా బదిలీ అవుతుంది. అంతదాకా వీలునామా అమలు చేసే వ్యక్తి దాన్ని భద్రంగా ఉంచొచ్చు. కానీ ఆ వారసుడు గుంటూరులో ఉన్న తమ్ముడైతే అతని పేరు మీదకి రాదు. అతనికి చేరాల్సింది డబ్బే, తుపాకి లైసెన్సు డీలర్ ద్వారా ఇక్కడే అమ్ముడుపోవాలి. ఏమీ తెలియని భార్య, భర్త చెప్పగా విన్న ధరలో పదో వంతుకే ఎవరికో ఇచ్చేసిన సందర్భాలు ఈ సేకరణలో మామూలు. అందుకని ఒక కవరు తయారుచేయండి. అందులో ఆమోదించిన ఫారం నకలు, లాయర్ పేరు, నమ్మకమైన డీలర్ పేరు, కొన్న ధర, ఇవాళ్టి అంచనా, ఏ డ్రమ్ ఏ తుపాకిదో, సేఫ్ తెరవడానికి అధికారం ఎవరికి ఉందో, ఎవరు తెరవకూడదో తెలుగులో వివరంగా రాసి పెట్టండి. ఫారం అసలు ప్రతిని బ్యాంకు లాకర్లో ఉంచండి. కవరుని మాత్రం సేఫ్‌లో పెట్టకండి, సేఫ్‌ని ఎవరు తెరవాలో రాసి ఉన్నది ఆ కవరులోనే కదా.